పెద్దవాళ్లు జిమ్నాస్టిక్స్ నేర్చుకునే మంచి చోటు వెతకడం ఎలా? (ఒడిశాలో బరంపురం, గంజాం, గజపతి వైపు వాళ్లకి)

నేను 29 ఏళ్లప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు 41. ఈ 12 ఏళ్లలో నాకోసం మూడు చోట్లు వెతుక్కున్నాను, తెలిసినవాళ్ల కోసం వెళ్లి చూసినవి ఎన్నో లెక్కలేదు. ఇచ్ఛాపురం నుంచో, ఛత్రపురం నుంచో, పర్లాకిమిడి నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అక్కా, మూడు నెలల ఫీజు కట్టేశాను, రెండో వారానికే చెయ్యి బెణికింది" అంటారు. కట్టకముందు ఫోన్ చేసేవాళ్లు చాలా తక్కువ. అదే నా బాధ. చోటు వెతకడం రెండు వారాల పని. ఆ రెండు వారాలు ఓపిక పట్టలేక ఆరు నెలలు కట్టుతో తిరిగినవాళ్లని చూశాను.

"ఈ వయసులో వస్తుందా?" అని అడగకండి. ఉజ్బెకిస్తాన్ జిమ్నాస్ట్ ఒక్సానా చుసోవితినా 46 ఏళ్ల వయసులో టోక్యో ఒలింపిక్స్‌లో వాల్టు (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి ఎగిరి దిగడం) చేసింది. ఆవిడ చిన్నప్పటినుంచీ చేస్తోంది, నిజమే. మనకి ఒలింపిక్స్ అక్కర్లేదు. గోడ ఆసరా లేకుండా చేతుల మీద పది సెకన్లు నిలబడటం, ఒక చక్కని కార్ట్‌వీల్ (చేతుల మీదుగా పక్కకి చక్రంలా తిరగడం), బార్ మీదకి ఒక్క పుల్లోవర్ (బార్ పట్టుకుని కాళ్లు పైనుంచి తిప్పి బార్ మీదకి చేరడం). ఇవి 35 దాటాక కూడా వస్తాయి. సరైన చోట చేరితేనే వస్తాయి.

ముందు బట్టల సంగతి. జిప్పులు, గుండీలు లేని ట్రాక్‌ప్యాంటు, ఒంటికి అంటుకుని ఉండే టీషర్టు, తువ్వాలు, నీళ్లు. గాజులు, ఉంగరాలు, గొలుసులు ఇంట్లోనే తీసేయాలి. తాళి తీయడం ఇష్టం లేనివాళ్లు పసుపుతాడుకి మార్చుకుని లోపల మెడికల్ టేపుతో అంటించుకోండి, నేను అదే చేస్తాను. వట్టి కాళ్లతోనే చేయాలి. సాక్సులు వద్దు.

మొదటి పని, జాబితా రాసుకోవడం. ఫోన్‌లో మ్యాపు తెరిచి జిమ్నాస్టిక్స్ అని కొడితే సగం ఏడేళ్ల పిల్లల క్లాసులు, సగం డంబెల్స్ ఉన్న జిమ్ములు వస్తాయి. దానితో ఆగిపోకండి. స్కూళ్లలో, కాలేజీల్లో పనిచేసే పీఈటీ మాస్టర్లని అడగండి. సాయంత్రం పూట ఎవరు ఎక్కడ నేర్పుతున్నారో వాళ్లకే బాగా తెలుసు. టైక్వాండో క్లాసులు కూడా చూడండి, మంచి మ్యాట్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి. రాయగడ వాళ్లు విజయనగరం వైపు చూడటం మంచిది, రైలు నేరుగా ఉంది. బరంపురం వాళ్లు భువనేశ్వర్ దాకా జాబితాలో పెట్టుకోవచ్చు. సుమారు 170 కిలోమీటర్లు, నెలకి రెండు ఆదివారాలు రైల్లో వెళ్లి రావడం కష్టం కాదు. అక్కడి కళింగ స్టేడియంలో ఉన్న జిమ్నాస్టిక్స్ హై పెర్ఫార్మెన్స్ సెంటర్ గురించి అందరూ అడుగుతారు. అది పోటీలకి ఎంపికైన క్రీడాకారుల కోసం. దాని మీద ఆశ పెట్టుకోకుండా, ఆ ఊళ్లో పెద్దవాళ్లకి నేర్పే కోచ్‌లు ఎవరున్నారో వాకబు చేయండి.

బరంపురం బరువులెత్తేవాళ్ల ఊరు. కె. రవికుమార్ 2010 కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చింది ఈ ఊరికే. అందుకని ఇక్కడ బలం పెంచే చోట్లకి కొదవలేదు. చేరేముందు రెండు నెలలు అలాంటి చోట దండేలు, బస్కీలు, బార్‌కి వేలాడటం చేసి వెళ్లండి. వేలాడటం నిమిషం దాకా రానిదే జిమ్నాస్టిక్స్‌లో చేరకూడదు. ఇది నా నియమం, నేను ఎవరికీ సడలించను. కానీ బరువులు నేర్పే మాస్టారు పిల్లిమొగ్గలు కూడా నేర్పుతానంటే మర్యాదగా వద్దనండి. అది వేరే విద్య. గోటిపువా (ఒడిశాలో మగపిల్లలు ఆడవేషంలో ఒళ్లు వంచి చేసే నాట్యం) గురువుల సంగతీ అంతే. ఆ బంధ భంగిమలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది పసితనం నుంచి వంచిన ఒళ్లు. ముప్పై ఐదేళ్ల నడుముని అలా వంచబోతే విరుగుతుంది.

గోపాలపూర్ ఇసుకలో కుర్రాళ్లు వెనక్కి పల్టీలు కొడుతుంటారు కదా, అది చూసి బీచ్‌లోనే నేర్చుకుందామనుకునేవాళ్లు ఉన్నారు. వద్దు. ఇసుక మెత్తగా కనిపిస్తుంది గానీ తడి ఇసుక గచ్చుతో సమానం, పొడి ఇసుకలో మడమ ఒక పక్కకి దిగబడి మెలితిరుగుతుంది. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకీ ఇదే చెప్తాను. వీడియో మిమ్మల్ని పట్టుకోలేదు.

తర్వాత ఫోన్ చేయాలి. అయిదు నిమిషాల పని. పెద్దవాళ్లకి వేరే బ్యాచ్ ఉందా, ఒక్క కోచ్‌కి ఎంతమంది, కోచ్ ఎక్కడ నేర్చుకున్నారు అని అడగండి. పటియాలా ఎన్ఐఎస్‌లో (కోచ్‌లని తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా చేసినవాళ్లయితే ఆ మాట ముందే చెప్తారు. అది లేకపోయినా మంచి కోచ్‌లు ఉన్నారు. ఒక్క కోచ్‌కి ఎనిమిది మంది దాటితే నేను ఆ పేరు కొట్టేస్తాను. పొద్దుటి బ్యాచ్ మాత్రమే ఉంటే ఇంకోటి చూసుకోండి. నిద్రలేచిన ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, పెద్దవాళ్లకి సాయంత్రమే సరైనది.

ఇక అసలు పని. చేరకముందు వెళ్లి గంటసేపు ఊరికే కూర్చుని చూడటం. అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. వెళ్తారు, హాలు చూస్తారు, రింగులు, ప్యారలల్ బార్లు చూసి మురిసిపోతారు, రసీదు రాయించుకుని వచ్చేస్తారు. నేనూ మొదట అలాగే చేశాను. కొత్త సామాను, గోడంతా అద్దాలు. మొదటి రోజే నన్ను బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీద దిగడం) చేయమన్నారు. కింద రెక్సిన్ తొడుగు, లోపల నలిగి చచ్చిపోయిన ఫోమ్, దాని కింద సిమెంటు. కుడి మణికట్టు నాలుగు నెలలు పనిచేయలేదు, పిండి కలపడానికి కూడా ఎడమ చెయ్యే. ఆ చోటు ఏదో చెప్పను. అప్పటినుంచి సామాను చివర చూస్తాను. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ అగర్తలా నుంచి వచ్చి 2016లో రియో ఒలింపిక్స్ వాల్టు ఫైనల్లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆమె చదునైన పాదాలని సరిచేయడానికి ఏళ్లకి ఏళ్లు కష్టపడ్డది కోచ్ బిశ్వేశ్వర్ నంది. హాలు కాదు, మనిషే నేర్పుతాడు.

కూర్చున్నాక ముందు నేల చూడండి. చెప్పులు విప్పి మ్యాట్ మీదకి వెళ్లి ఒక్క మడమ మీద బరువంతా వేయండి. కింద గచ్చు తగిలిందంటే ఆ మ్యాట్ అయిపోయింది. రెండు మ్యాట్లు కలిసే చోట వేళ్లు పెట్టి చూడండి. మూడు వేళ్లు దూరే సందు ఉంటే దిగేటప్పుడు చీలమండ అందులోకి పోతుంది. మంచి చోట ఆ సందుని వెల్క్రో పట్టీతో మూస్తారు, లేదా పైన ఇంకో మ్యాట్ పరుస్తారు. ఫోమ్ ముక్కల గొయ్యి ఉంటే బాగానే ఉంటుంది గానీ, ముక్కలు అడుగున అణగారిపోయి ఉన్నాయేమో చెయ్యి పెట్టి కదిపి చూడండి. అందులోకి తలకిందులుగా దూకే పిల్లలని ఎవరూ ఆపడం లేదంటే లేచి వచ్చేయండి.

తర్వాత కోచ్ చేతులు చూడండి. అరగంట చేతుల్నే చూడండి. కొత్తవాళ్లు వెనక్కి వెళ్లే పని చేస్తున్నప్పుడు కోచ్ పక్కన మోకాలి మీదో, వంగో ఉండాలి. ఒక చెయ్యి నడుము కింద, రెండో చెయ్యి తొడ వెనక. మనిషి కదలకముందే చేతులు అక్కడ ఉండాలి. కదిలాక చేతులు చాచేవాడు పట్టుకోలేడు. నా కళ్లముందే ఒకచోట కోచ్ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ రోజు నాతో వచ్చిన మా తోడికోడలు "అక్కా, పిల్లలకి బాగానే చేస్తున్నాడుగా" అంది. పిల్లలు 25 కిలోలు. మనం 65. చేతులకి ఆ తేడా తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం, పడటం నేర్పుతున్నారా అనేది. నేను ఇన్నేళ్లలో చూసిన దెబ్బలు ఎక్కువగా వెనక్కి పడుతూ అరచేతులు వెనక ఆనించడం వల్ల వచ్చినవే. వేళ్లు వెనక్కి తిరిగి ఉంటే బరువంతా మణికట్టు మీద, మోచెయ్యి మీద పడుతుంది. చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని, గడ్డం లోపలికి లాక్కుని, ముందు పిరుదుల మీద, తర్వాత గుండ్రని వీపు మీద దొర్లాలి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు మడవాలి, చేతులు ముందుకి చాచాలి. ఇది మొదటి రెండు వారాలూ రోజూ పది నిమిషాలు చేయించని చోట చేరకండి. "మీరు పడరు, నేనున్నాను కదా" అనే కోచ్ దగ్గర అసలు చేరకండి. అందరూ పడతారు. పెద్దవాళ్లకి కండ తొందరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి అంటిపెట్టే స్నాయువు నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే మూడో నెలలో "నాకు వచ్చేసింది" అనిపించినప్పుడే దెబ్బ తగులుతుంది. ఆ ఉత్సాహాన్ని ఆపే కోచ్ కావాలి మనకి, చప్పట్లు కొట్టేవాడు కాదు.

మన వైపు ఇంకొకటి ఉంది, ఎవరూ పట్టించుకోరు. కోచ్ ఏ భాషలో కేకేస్తాడు? బరంపురంలో పుట్టినవాళ్లకి ఒడియా వస్తుంది, ఇబ్బంది లేదు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లకి రాదు. బార్‌కి వేలాడుతున్నప్పుడు కోచ్ "ధర" అన్నాడనుకోండి, అది రేటు కాదు, పట్టుకో అని. "ఛాడ" అంటే వదిలెయ్ అని. గాల్లో ఉండగా అర్థం వెతుక్కునే టైం ఉండదు. మొదటి రోజే పట్టుకో, వదులు, ఆగు అనే మూడు మాటలు ఏ భాషలోనో ఇద్దరూ అనుకోండి. నాకు నేర్పిన ఒడియా కోచ్ తెలుగులో ఆ మూడే మాటలు నేర్చుకుని అవే కేకేసేవారు. ఆ చోట ఆరేళ్లు ఉన్నాను.

ట్రయల్ క్లాస్ రెండుకి తక్కువ కాకుండా అడగండి. డబ్బు తీసుకున్నా ఫర్వాలేదు, ఇవ్వండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, కట్టకండి, నెలనెలా కట్టండి. మొదటి ట్రయల్ అయిన రాత్రి మణికట్లు, చీలమండలు, భుజాలు నొక్కి చూసుకోండి. కండ నొప్పి ఉంటుంది, అది మామూలే. కీలు దగ్గర ఒకేచోట సూదిలా గుచ్చుతుంటే మర్నాడు కోచ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. "అదేం కాదు, వచ్చేయండి, వేడెక్కితే పోతుంది" అంటే ఆ నంబర్ తీసేయండి. "చేతుల పని వద్దు, రండి, ఇవాళ కాళ్లు, పొట్ట మీద పని చేద్దాం, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి" అంటే సాయంత్రం వెళ్లి మొదటి నెల ఫీజు కట్టేయండి.