పాత ఆఫ్‌రోడ్ వాహనానికి పవర్ స్టీరింగ్ ఎంపిక: సమస్య – పరిష్కారం

పాత ఆఫ్‌రోడ్ వాహనానికి పవర్ స్టీరింగ్ పెట్టించాలనుకునేవారి ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: స్టీరింగ్ బరువుగా ఉంది. ఆ బరువు ఎక్కడ పుడుతోందో తేల్చుకోకుండా కిట్ కొన్నవారు, కొంతకాలానికి బండి పక్కలకు లాగుతోందనో, ఛాసిస్ పగిలిందనో, పంపు మూలుగుతోందనో మళ్లీ మెకానిక్ దగ్గరికి రావలసి వస్తుంది. పవర్ స్టీరింగ్ చేతుల శ్రమను తగ్గిస్తుంది గానీ అరిగిన జాయింట్లను బాగుచేయదు. పైగా వాటి మీద మునుపటికంటే ఎక్కువ బలాన్ని మోపుతుంది. అందువల్ల లక్షణాన్ని సరిగా గుర్తించిన తర్వాతే భాగాల జోలికి వెళ్లాలి.

సమస్య: బండి ఆగి ఉన్నా, పరుగెత్తుతున్నా స్టీరింగ్ ఒకేలా బరువుగా ఉంటుంది

ఇది పవర్ స్టీరింగ్ కోరే లక్షణం కాదు. మాన్యువల్ స్టీరింగ్ సక్రమంగా ఉన్న బండి కాస్త కదలగానే తేలిక పడాలి. పడలేదంటే ఎక్కడో ఏదో పట్టేస్తోందని అర్థం. ముందు యాక్సిల్‌ను జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, డ్రాగ్ లింక్‌ను (స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే కడ్డీని) విడదీసి, స్టీరింగ్ చక్రాన్నీ రోడ్డు చక్రాలనూ విడివిడిగా చేత్తో తిప్పి చూడాలి. స్టీరింగ్ చక్రమే బరువుగా తిరిగితే లోపం కాలమ్ (స్టీరింగ్ చక్రం కింది షాఫ్ట్, దాని గొట్టం) బుష్‌లోనో, ఎండిపోయిన యూనివర్సల్ జాయింట్‌లోనో, ప్లే (వదులు) తగ్గించాలని అడ్జస్టింగ్ స్క్రూను అతిగా బిగించిన, గేర్లుండే స్టీరింగ్ బాక్స్‌లోనో ఉంటుంది. రోడ్డు చక్రాలు బరువుగా తిరిగితే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్‌ను కూడా విప్పి, ఒక్కో వైపు కింగ్‌పిన్ (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) బేరింగులను పరీక్షించాలి. టయోటా ఎఫ్‌జే 40 వంటి వాహనాల్లో ఆ బేరింగుల బిగువును షిమ్‌లతో (పలుచని లోహపు ముక్కలతో) నిర్ణయిస్తారు. కంపెనీ మాన్యువల్ చెప్పిన బిగువు వచ్చిందో లేదో స్ప్రింగ్ త్రాసుతో లాగి సరిచూసుకోవచ్చు. గ్రీజు, బేరింగులు, షిమ్‌లు సరిచేశాక చాలా బళ్లకు ఇక పవర్ స్టీరింగ్ మార్పిడి ఊసే అవసరం ఉండదు.

సమస్య: నిలిపేటప్పుడు, రాళ్లలో నడిపేటప్పుడు మాత్రమే బరువు

పై పరీక్షలో లోపం ఏదీ బయటపడకపోతే కారణం టైర్లలో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సన్నటి టైర్ల స్థానంలో 33 అంగుళాల వెడల్పు టైర్లు వేసి, బయటికి పొడుచుకువచ్చే రిమ్ములు బిగించి, రాళ్లలో పట్టు కోసం గాలి కూడా తగ్గిస్తే, నేలను తాకే భాగమూ పెరుగుతుంది, చక్రం కింగ్‌పిన్ చుట్టూ తిరగవలసిన దూరమూ పెరుగుతుంది. ముందు యాక్సిల్‌లో లాకర్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే పరికరం) ఉంటే అది బండిని నేరుగానే తోయజూస్తుంది కనుక బరువు ఇంకా హెచ్చుతుంది. పవర్ స్టీరింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే, ఎంపిక మొదలయ్యేదీ ఇక్కడే.

మొదటి మార్గం హైడ్రాలిక్ బాక్స్, అంటే ఇంజిన్ నడిపే పంపు నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో సాయం చేసేది. అదే మోడల్‌కు తర్వాతి సంవత్సరాల్లో కంపెనీ పవర్ స్టీరింగ్ ఇచ్చి ఉంటే, ఆ భాగాలను వెతికి తెచ్చుకోవడమే అన్నిటికంటే మేలని నా అభిప్రాయం. జీప్ సీజే వాహనాల్లో 1972 నుంచి సాగినా కంపెనీ బాక్సులే వచ్చాయి, పవర్ స్టీరింగ్ ఐచ్ఛికంగా లభించింది. కాబట్టి వాటికి మార్పిడి తేలిక. అంతకు ముందరి రాస్ కంపెనీ బాక్స్ ఉన్న జీపులకు బ్రాకెట్లు ప్రత్యేకంగా చేయించాలి. వేరే వాహనపు బాక్స్ తెచ్చేటప్పుడు అది ఛాసిస్‌కు లోపల కూర్చుంటుందా, బయటా, పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను కదిపే చేయి) ముందుకూ వెనక్కూ ఊగుతుందా, పక్కలకా, ఏ దిశలో తిరుగుతుంది అనేవి ముందే చూసుకోవాలి. దిశ తప్పితే స్టీరింగ్‌ను కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోతుంది, దానికి బాక్స్ మార్చడం తప్ప సర్దుబాటు లేదు. నిష్పత్తి (పిట్‌మన్ ఆర్మ్ ఒక డిగ్రీ తిరగడానికి స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిరగాలి అన్నది) కూడా ముఖ్యమే: మాన్యువల్ బాక్సులు సుమారు 20:1 నుంచి 24:1 మధ్య ఉంటే, పవర్ బాక్సులు 13:1 నుంచి 16:1 మధ్య ఉంటాయి. రాళ్లలో తక్కువ నిష్పత్తి గల చురుకైన బాక్స్ హాయిగా ఉంటుంది. పొట్టి వీల్‌బేస్ ఉన్న బండిలో అదే బాక్స్ రహదారి మీద చిన్న కదలికకే ఉలిక్కిపడేలా చేస్తుంది. రహదారి ప్రయాణాలే ఎక్కువైతే 16:1 వైపు మొగ్గడం మంచిది.

రెండో మార్గం కాలమ్‌కు బిగించే ఎలక్ట్రిక్ మోటారు. పంపు, హోసులు, బెల్ట్ అక్కర్లేదు కనుక ఇంజిన్ దగ్గర చోటు లేని బండికి ఇది బాగా కుదురుతుంది. కానీ బండిని నిలిపి తిప్పేటప్పుడు మోటారు 40 ఆంపియర్లకు మించి లాగగలదు. పాత డైనమో ఉన్న బండిలో ముందు ఆల్టర్నేటర్ వేసి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కూడిన లావుపాటి వైరు లాగకపోతే ఆ సాయం సగంలోనే ఆగిపోతుంది. అంతేకాక మోటారు బలమంతా పాత మాన్యువల్ బాక్స్ గుండానే చక్రాలకు చేరుతుంది కాబట్టి, ఆ బాక్స్ ఆరోగ్యంగా ఉంటేనే ఈ దారి పట్టాలి. ఇక హైడ్రాలిక్ బాక్స్‌కు తోడుగా టై రాడ్‌ను నెట్టే హైడ్రాలిక్ ర్యామ్ (ఆయిల్ ఒత్తిడితో కదిలే కడ్డీ) ఇంకా పెద్ద టైర్లకు, లాకర్‌కు తగినది. స్టీరింగ్ చక్రానికీ రోడ్డు చక్రాలకూ లోహపు లంకె లేని పూర్తి హైడ్రాలిక్ పద్ధతి మాత్రం రహదారి మీద నడిపే బండికి తగదు.

సమస్య: మార్పిడి తర్వాత వేగంలో బండి తిన్నగా పోదు, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది తిరిగి రాదు

తప్పు కొత్త బాక్స్‌దేనని అనుకోవడం సహజమే గానీ, తరచుగా కారణం కాస్టర్ కోణం, అంటే పక్కనుంచి చూస్తే కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం. చేతులకు తేలికగా ఉండాలని మాన్యువల్ బళ్లకు ఈ కోణాన్ని తక్కువగా ఉంచేవారు. పవర్ సాయం వచ్చాక ఆ కొద్దిపాటి కోణం చక్రాలను మధ్యకు తేలేదు. లీఫ్ స్ప్రింగుల కింద 2 నుంచి 4 డిగ్రీల వాలు షిమ్‌లు పెట్టి కాస్టర్ పెంచవచ్చు. యాక్సిల్‌ను అలా తిప్పినప్పుడు డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి, యాక్సిల్‌కు ఇంజిన్ బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుందన్నది మరవకూడదు.

కాస్టర్ సరిగానే ఉంటే బాక్స్ మధ్యస్థానాన్ని చూడాలి. డ్రాగ్ లింక్ విప్పి, స్టీరింగ్‌ను ఒక చివరినుంచి మరో చివరిదాకా తిప్పి చుట్లు లెక్కించి, సరిగ్గా సగానికి తేవాలి. బాక్స్ పళ్ల బిగువు అక్కడే ఎక్కువ, ప్లే అక్కడే తక్కువ. రోడ్డు చక్రాలను నేరుగా ఉంచి, ఆ స్థితికి సరిపడేలా డ్రాగ్ లింక్ పొడవును సర్దాలి. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి వంకర సరిచేయడం కంటికి బాగుంటుంది గానీ బాక్స్ పక్కకు జరిగే ఉండిపోతుంది. బండి గుంతలో పడ్డప్పుడు మాత్రమే పక్కకు లాగితే, డ్రాగ్ లింక్ ఏటవాలు ఎక్కువై ఉంటుంది. పిట్‌మన్ ఆర్మ్‌ను మార్చి, బండి నేలమీద నిలిచి ఉన్నప్పుడు లింక్ వీలైనంత అడ్డంగా ఉండేలా చేయాలి.

సమస్య: తిప్పినప్పుడు టక్కుమనే చప్పుడు, బాక్స్ దగ్గర ఛాసిస్ కదలిక

ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మరొకరు బాక్స్ వైపు చూస్తే విషయం తెలిసిపోతుంది. మాన్యువల్ బాక్స్ కోసం చేసిన పలుచని రేకు పవర్ బాక్స్ బలానికి ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతూ, కుంగుతూ, చివరికి బోల్టు రంధ్రాల దగ్గర పగులుతుంది. పగుళ్లను పూడ్చి, ఛాసిస్‌కు వెలుపల పలక వెల్డ్ చేసి, పెట్టెలాంటి ఛాసిస్ అయితే బోల్టులు దాని గోడలను నలపకుండా లోపల గొట్టపు స్లీవులు వేయాలి. మార్పిడి చేసే రోజే ఈ పని ముగించడం అన్నివిధాలా చవక.

సమస్య: పంపు మూలుగు, స్టీరింగ్ ఆయిల్ ట్యాంకులో నురుగు, చివరిదాకా తిప్పితే బెల్ట్ కీచు

నురుగు అంటే ఆయిల్‌లో గాలి. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టపు క్లాంపులు బిగించి, ముందు చక్రాలను నేలనుంచి లేపి, ఇంజిన్ ఆపి ఉంచి స్టీరింగ్‌ను నెమ్మదిగా రెండు చివరలకూ తిప్పుతూ, బుడగలు ఆగేదాకా ఆయిల్ నింపాలి. పంపు తయారీదారు చెప్పిన ఆయిలే పోయాలి. బెల్ట్ కీచుకు బిగువు చాలకపోవడమో, పుల్లీ మీద బెల్ట్ చుట్టుకునే మేర తక్కువ కావడమో కారణం. యాక్సిల్ స్టాపర్ బోల్టులను బాక్స్ తన చివరకు చేరకముందే చక్రాలు ఆగేలా సర్దాలి, చివరికంటా తిప్పి కొన్ని క్షణాలకు మించి పట్టి ఉంచకూడదు; ఆ స్థితిలో ఆయిల్ వేగంగా వేడెక్కుతుంది. నిదానంగా రాళ్లెక్కే బండికి ఆయిల్ ట్యాంకుకు తిరిగి వచ్చే రిటర్న్ లైన్‌లో చిన్న కూలర్ పెట్టుకోవడం మంచిది.

సమస్య: స్టీరింగ్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు పట్టి వదులుతుంది

ఇది బాక్స్ లోపం కాదు. కొత్త బాక్స్ పాత స్థానానికి పక్కగా కూర్చోవడం వల్ల కాలమ్ షాఫ్ట్ జాయింట్ ఎక్కువ వంగింది, లేదా రెండు జాయింట్ల యోకులు (జాయింట్‌ను పట్టుకునే ఫోర్కులాంటి చివరలు) ఒకదానికొకటి సరిపోలకుండా బిగించారు. వంపును రెండు జాయింట్ల మధ్య సమంగా పంచి, మధ్య షాఫ్ట్ రెండు చివరలా ఉన్న యోకులను ఒకే వరుసలోకి తేవాలి. అప్పటికీ వంపు ఎక్కువే అయితే మూడో జాయింట్ వేసి, మధ్య షాఫ్ట్ ఊగకుండా ఛాసిస్‌కు ఒక సపోర్ట్ బేరింగ్ బిగించాలి.