విండోస్‌ను 256 జీబీ నుంచి 1 టీబీ ఎస్‌ఎస్‌డీకి మార్చుకునే పద్ధతి

256 జీబీ ఎస్‌ఎస్‌డీ (డేటాను దాచుకునే డిస్కు) ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, దాని అప్‌డేట్లు, ఫోన్ నుంచి దింపుకున్న ఫొటోలు చేరేసరికి సీ డ్రైవ్ ఎరుపు రంగుకు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. కొత్త డిస్కులో విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవచ్చు గానీ, ఏళ్లుగా అమర్చుకున్న తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, ఆఫీసు ప్రోగ్రాములు అన్నీ మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది కాబట్టి, ఉన్న డిస్కును ఉన్నట్టుగా కొత్తదానిలోకి క్లోన్ చేయడమే నా దృష్టిలో మేలు. విండోస్ డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డును బట్టి ఉంటుంది గనుక డిస్కు మారినంత మాత్రాన యాక్టివేషన్ పోదు.

కొనే ముందు మీ యంత్రంలోని స్లాట్ ఏ రకానిదో తయారీదారు మాన్యువల్‌లో చూడండి. ఎం.2 అనే సన్నని పట్టీ ఆకారంలో ఉన్న ఎస్‌ఎస్‌డీలన్నీ ఒకటి కావు. కొన్ని సాటా పద్ధతిలో, కొన్ని ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేస్తాయి, ఒకదానికి బదులు మరొకటి తెస్తే యంత్రం దాన్ని గుర్తించకపోవచ్చు. వాటి వివరాల్లో కనిపించే 2280 అనే సంఖ్య కొలతను చెబుతుంది: 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 1 టీబీ డిస్కు విండోస్‌లో దాదాపు 931 జీబీగా కనిపించడం లోపం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడమే అందుకు కారణం. స్లాట్ ఒక్కటే ఉంటే కొత్త ఎస్‌ఎస్‌డీని తాత్కాలికంగా ఉంచడానికి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డిస్కును బయటి నుంచి యూఎస్‌బీ ద్వారా కలిపే పెట్టె) కూడా అవసరమవుతుంది.

క్లోనింగ్ కంటే ముందు చేయవలసిన పనులే ఎక్కువ శ్రద్ధ కోరుతాయి. చాలామంది తాము ఎన్నడూ ఆన్ చేయలేదనుకునే ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేకుండా డిస్కులోని డేటాను మార్చి ఉంచే రక్షణ), మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన యంత్రాల్లో దానంతట అదే ఆన్ అయి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఎన్‌క్రిప్షన్‌ను ఆపండి. డిస్కు పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా, గంటలు పట్టినా సరే, ఆగండి. ఎన్‌క్రిప్ట్ అయిన పార్టిషన్‌లో (డిస్కులోని ఒక్కో విభాగాన్ని పార్టిషన్ అంటారు) ఏది ఖాళీయో, ఏది నిండిందో క్లోనింగ్ ప్రోగ్రాముకు తెలియదు. అందువల్ల అది ఖాళీ స్థలాన్ని సైతం అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయవలసి వస్తుంది, తర్వాత పార్టిషన్ పెంచడమూ కష్టమవుతుంది.

ముఖ్యమైన ఫైళ్లను మూడో డిస్కులోకి బ్యాకప్ చేసి, చెక్‌డిస్క్‌తో సీ డ్రైవ్‌ను పరీక్షించి, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ (reagentc /disable) ఆజ్ఞతో విండోస్ రికవరీ వ్యవస్థను కూడా తాత్కాలికంగా డిజేబుల్ చేయండి; చివర్లో రికవరీ పార్టిషన్‌ను జరిపేటప్పుడు దీని అవసరం తెలుస్తుంది.

ఇప్పుడు ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లాను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కొత్త ఎస్‌ఎస్‌డీని యంత్రానికి కలిపి, విండోస్‌కు బదులు ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (యంత్రాన్ని మొదలుపెట్టి), డిస్కు నుంచి డిస్కుకు అనే పద్ధతిని ఎంచుకోండి. ఏది మూలం, ఏది గమ్యం అని అడిగే తెర దగ్గర తొందరపడకండి. తారుమారైతే ఖాళీ డిస్కు మీ డేటా మీద పరచుకుంటుంది, దాన్ని వెనక్కి తీసుకోలేరు. పేర్లను బట్టి కాక పరిమాణాన్నీ మోడల్ నంబరునూ బట్టి పోల్చుకోండి.

కాపీ అయ్యాక యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, వీలైతే లోపలి బ్యాటరీ కనెక్టరునూ ఊడదీసి, పాతదాని స్థానంలో కొత్త ఎస్‌ఎస్‌డీని బిగించండి. మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్కు యూఎస్‌బీలో కూడా ఉండకూడదు. రెండింటికీ గుర్తింపు సంఖ్యలు ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టవచ్చు, లేదా పాతదాని నుంచే బూట్ కావచ్చు.

విండోస్ తెరుచుకున్నా సీ డ్రైవ్ ఇంకా పాత పరిమాణంలోనే ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేయకపోతే, సీ డ్రైవ్‌కూ ఖాళీ స్థలానికీ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉందని అర్థం. పక్కనే ఉన్న ఖాళీలోకి మాత్రమే ఆ సాధనం పెంచగలదు. ఆ పార్టిషన్‌ను తొలగించమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది, నేను మాత్రం వద్దంటాను. అందులో తయారీదారు పెట్టిన రికవరీ ఫైళ్లు ఉండవచ్చు. పార్టిషన్లను మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రాము ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ పార్టిషన్‌ను డిస్కు చివరికి జరిపి, విండోస్‌లోకి తిరిగి వచ్చి సీ డ్రైవ్‌ను పెంచి, రీఏజెంట్‌సీతో (reagentc /enable) రికవరీని మళ్లీ ఎనేబుల్ చేయండి.

పాత డిస్కును కొన్ని వారాలైనా ముట్టుకోకుండా ఉంచండి. అయితే డీక్రిప్ట్ చేసి ఉన్నందున అది ఎవరి చేతికి దొరికినా చదవగలరు; కాబట్టి తాళం వేసిన చోట ఉంచి, అమ్మే ముందు తయారీదారు సాధనంతో సెక్యూర్ ఎరేజ్ చేయండి (అంటే డేటా తిరిగి రాకుండా చెరిపేయండి). కొత్తదానిలో ఎన్‌క్రిప్షన్‌ను తిరిగి ఆన్ చేసినప్పుడు కొత్త రికవరీ కీ పుడుతుంది. ముందు రాసుకున్న కాగితం ఇక పనికిరాదు. కొత్త కీని రాసుకుని, దాన్ని ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట పెట్టండి.