తొలకరికి ముందు: మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి జాగ్రత్తలు

ఈ వేసవిలో మోకీలు మార్పిడి చేయించుకున్న కోనసీమవాసులు, వారి ఇంటివారు వానలు పడకముందే ఈ కొన్నింటిని సరిచూసుకోవాలి.

కుట్ల దగ్గర ఎరుపు, చీము, లేదా జ్వరం కనిపిస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగకుండా, ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించాలి. ఇన్‌ఫెక్షన్ కృత్రిమ కీలును పట్టుకుంటే దాన్ని తీసి మళ్లీ వేయవలసి రావచ్చు, అరకొర మందులు ఆ సంగతిని కొన్నాళ్లు కప్పిపెడతాయి. బురదలో నాని ఒరిసిపోయిన కాలివేళ్ల సందులూ, చీము పట్టిన పన్నూ కూడా అందుకు దారులే.

పిక్క వాచి నొప్పి పెడితే నూనె మర్దన చేయించకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది రక్తం గడ్డకట్టినందువల్ల కావచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆయాసం తోడైతే 108కు ఫోన్ చేయాలి.

పెరటి గచ్చు మీది పాచిని ఇప్పుడే గీకించాలి. మా ఇంట్లో పంపు నుంచి మరుగుదొడ్డి దాకా ఉన్న పది అడుగులూ రెండు వానలకే పచ్చబడి, చెప్పు ఆనించగానే జారేవి. గుమ్మం ముందు గోనెపట్టా కూడా తీసేయాలి, అదీ జారుతుంది.

మోకాలి కింద దిండు వద్దు. హాయిగానే ఉంటుంది గాని, కాలు పూర్తిగా చాపలేకుండా బిగిసిపోతుంది.

పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కడానికి రేవు మెట్లు దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు, ఎక్కేటప్పుడు రెండో కాలు ముందు వేయాలి. శరీరాన్ని పైకి లేపే బలం, కిందికి ఆపి దింపే బలం ఆ రెండో కాలిదే.