క్లోమం సీటీ స్కాన్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

క్లోమం (పాంక్రియాస్) జీర్ణాశయం వెనక, వెన్నెముకకు అడ్డంగా ఒదిగి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గ్యాస్ అడ్డొచ్చి దాని తోక భాగం తరచూ కనబడదు. సీటీ రాసేది చాలాసార్లు అందుకే.

– కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనబడేందుకు నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

– ఇదివరకు కాంట్రాస్ట్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? గర్భం ఉండే అవకాశం ఉందా? దాచకండి.

– ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో సెంటర్‌నే అడగండి. ఉప్పల్ నుంచి పంజాగుట్ట దాకా ట్రాఫిక్‌లో వచ్చే షుగర్ పేషెంట్లు పొద్దున్నే స్లాట్ తీసుకుంటే మేలు.

– అక్కడ మంచినీళ్లు తాగమంటే తాగేయండి. నీళ్లతో నిండిన డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) నల్లగా కనిపించి, దాని ఒంపులో ఉన్న క్లోమం తల అంచు విడిగా తెలుస్తుంది.

– ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే నాలుగుసార్లు చేసి చూసుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మందు ఎక్కించాక సుమారు 40–45 సెకన్లకు క్లోమం బాగా తేలి కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు కదిలితే లోపలి సన్నటి నాళం మసకబారుతుంది. ఒళ్లంతా వెచ్చగా అనిపించడం మామూలే, టెన్షన్ పడకండి. సూది దగ్గర మంట, వాపు ఉంటే మాత్రం వెంటనే చెప్పండి.

– పాత స్కాన్ల సీడీలు కూడా తీసుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు.