పిక్నిక్‌లో గొడవ, నాలుగో పాఠం: ఆ సాయంత్రం నుంచి సోమవారం దాకా

ముందు పోయిన పాఠం అభ్యాసం సంగతి చూద్దాం. వనభోజనాలకు బయల్దేరే ముందు నోటీసు బోర్డులో పెట్టాల్సిన కాగితం రాయమన్నాను. "అందరూ సభ్యతతో మెలగవలెను" అని రాస్తే ప్రతివాడూ అది పక్కవాడికే అనుకుంటాడు. "బస్సు ఎక్కిన దగ్గర్నుంచి తిరిగి దిగేదాకా డ్యూటీలో ఉండే నియమాలే వర్తిస్తాయి. ఏదైనా ఇబ్బంది వస్తే ఫలానా వారికి చెప్పండి" అని రెండు ముక్కలు, ఒక ఫోన్ నంబరు ఉంటే చాలు.

ఆ నోటీసు పెట్టినా గొడవ జరిగిందనుకుందాం. మన వైపు చాలా ప్లాంట్లలో జీతాల షీటు తయారు చేసే మనిషే హెచ్ఆర్ కూడా. ఈ పాఠం ముఖ్యంగా ఆ మనిషి కోసం.

ఉదాహరణ ఇది, కల్పితమే. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. కార్తీక మాసం, ఆదివారం, మూడు బస్సుల్లో మైపాడు బీచ్‌కి వెళ్లారు. పీలింగ్ సెక్షన్ ఆడవాళ్లు, కోల్డ్ స్టోరేజ్ కుర్రాళ్లు, ఆఫీసు స్టాఫ్, కొందరి ఇంటివాళ్లు. కార్తీకం కాబట్టి చేపల పులుసు లేదు, పులిహోర, గారెలు. మందుకు మాత్రం కార్తీకం అడ్డు రాలేదు, ఎవరి కారు డిక్కీలోనో వచ్చేసింది. సాయంత్రం కుర్చీల ఆట జరుగుతుండగా ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ వచ్చి పీలింగ్‌లో పనిచేసే ఒకామె చెయ్యి పట్టుకుని డ్యాన్స్ చేద్దువు రమ్మని లాగాడు. ఆమె విదిలించుకుంది. వదిలెయ్యమన్న కోల్డ్ స్టోరేజ్ కుర్రాడి చెంప మీద కొట్టాడు. కుర్రాడు అతన్ని తోశాడు.

ఇక్కడ మీ మొదటి పని ఇద్దరినీ, నిజానికి ముగ్గురినీ, విడదీయడం. సూపర్‌వైజర్‌ని ఒక పెద్దమనిషితో కార్ల వైపు పంపండి. ఆమె దగ్గర ఆమె నమ్మే ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రి తర్వాతే మిగతావన్నీ. విచారణ అక్కడ పెట్టొద్దు.

అసలు ప్రమాదం గొడవ ఆగిన పది నిమిషాలకు వస్తుంది. ప్రొడక్షన్ మేనేజర్ చొరవ తీసుకుంటాడు. "ఒరే, ఇట్రా, ఆ అమ్మాయికి సారీ చెప్పు. ఏమ్మా, అన్న లాంటోడు, మనసులో పెట్టుకోబాక. తాగినోడి మాటకేంది!" ఆమె తలూపుతుంది. చుట్టూ ప్లాంటు మొత్తం నిలబడి చూస్తుంటే ఊపక ఏం చేస్తుంది? తెల్లారి ఆ తలూపడమే "రాజీ అయిపోయింది కదా" అనే మాటగా మారుతుంది. ఊళ్లో గట్టు తగాదాకి పనికొచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం రాజీ ప్రయత్నం జరగాలంటే ఆ కోరిక ఆమె నుంచి రావాలి, అదీ విచారణ మొదలుకాక ముందు, కంపెనీలో ఉండే అంతర్గత కమిటీ ద్వారా. డబ్బు ఇచ్చి రాజీ చేయడం అసలు కుదరదు. కాబట్టి మేనేజర్ గారిని మర్యాదగానే పక్కకు పిలిచి, "సార్, రేపు మనమే ఇరుక్కుంటాం" అనండి. న్యాయం గురించి చెబితే వినని మనిషి కూడా ఈ మాటకు ఆగుతాడు.

తర్వాత తిరుగు ప్రయాణం. ఆమె ఉన్న బస్సులో అతను ఎక్కకూడదు. అతన్ని బైకు మీద పంపకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం, పైగా దారిలో ఏమన్నా అయితే అది ఇంకో కేసు. వీడియోలు తీసినవాళ్లకు చెరిపేయొద్దనీ, గ్రూపుల్లో పెట్టొద్దనీ చెప్పండి. ఫిర్యాదు చేసినామె పేరు, గుర్తింపు బయటపెట్టడాన్ని ఆ చట్టమే నిషేధించింది. బస్సు నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు చేరేలోపే వీడియో వాట్సాప్‌లో తిరగడం మొదలైతే మీ విచారణ సగం చెడినట్టే.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సిన పని: ఘటన నోట్ రాయడం. అదే రాత్రి, పడుకునే ముందు రాయాలి. మామూలుగా ఇలా రాస్తారు:

"సూపర్‌వైజర్ తప్పతాగి మహిళా కార్మికురాలితో అసభ్యంగా ప్రవర్తించెను. అడ్డు వచ్చిన వారిని చితకబాదెను. గతంలో కూడా ఇతనిపై ఆరోపణలు కలవు."

ఇందులో చూసినది ఒక్కటీ లేదు, అన్నీ తీర్పులే. ఇదే ఇలా రాసి చూడండి:

"సా. 4.10 ప్రాంతంలో, షామియానాకి సముద్రం వైపు, కుర్చీల ఆట జరుగుతుండగా అతను ఆమె కుడి మణికట్టు పట్టుకుని లాగాడు. ఆమె 'వదలండి సార్' అని రెండుసార్లు అనింది. నేను సుమారు పది అడుగుల దూరంలో ఉన్నాను. అతను నా దగ్గరికి వచ్చినప్పుడు మాట తడబడుతోంది, మందు వాసన వచ్చింది. కుర్రాడిని కొట్టడం నేను చూడలేదు, చప్పుడు విని తిరిగాను. చూశామన్నవాళ్లు ఇద్దరు, పేర్లు కింద రాశాను."

"తప్పతాగి" అన్నది పోయి తడబాటు, వాసన వచ్చాయి. "అసభ్యంగా" పోయి మణికట్టు వచ్చింది. చూడనిదాన్ని చూడలేదని రాయడం వల్ల చూసినదానికి విలువ పెరుగుతుంది. పాత ఆరోపణలు ఈ కాగితంలో ఉండకూడదు. ఆమె అన్న మాటను గ్రాంథికం చేయకండి, అన్నది అన్నట్టే రాయండి.

సాక్షులను సోమవారం మధ్యాహ్నంలోపు ఒక్కొక్కరిగా పిలిచి రాయించుకోండి. నలుగురి స్టేట్‌మెంట్లలో ఒకే వాక్యం ఉంటే అది ఒకే చేతి రాత అని ఎవరికైనా తెలిసిపోతుంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడైతే అతని భాషలోనే రాయనివ్వండి.

ఇక దారులు. చెయ్యి పట్టుకోవడం ఒక దారి, కొట్టడం ఇంకో దారి. రెండింటినీ ఒకే మెమోలో కలపొద్దు.

మొదటిది అంతర్గత కమిటీకి వెళ్లాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ కమిటీ ఉండాల్సిందే. అధ్యక్షత ఒక సీనియర్ మహిళా ఉద్యోగిది, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. పది మంది కూడా లేకపోతేనో, ఫిర్యాదు సాక్షాత్తూ యజమాని మీదైతేనో జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదుకు గడువు 3 నెలలు, సరైన కారణముంటే ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. ఆమెకు రాయడం రాకపోతే రాసిపెట్టడం కమిటీ బాధ్యత. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పోలీసులకూ చెబుతానంటే సాయం చేయాల్సింది యజమానే.

ఇక్కడ రెండు సాకులు వినిపిస్తాయి. "ఆమె కాంట్రాక్టర్ మనిషి, మన రోల్స్‌లో లేదు." చట్టం దృష్టిలో కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా, రోజు కూలీ అయినా ఉద్యోగే. అసలు ఆమె ఉద్యోగి కాకపోయినా, ఎవరి భార్యో చెల్లెలో అయినా ఫిర్యాదు చేయొచ్చు. రెండో సాకు, "అది బీచ్, పైగా ఆదివారం." ఉద్యోగం వల్ల వెళ్లిన చోటు, కంపెనీ పెట్టిన వాహనం కూడా పనిచేసే చోటులోకే వస్తాయని ఆ చట్టంలోనే ఉంది.

కొట్టడం విషయంలో మాత్రం ఈ బీచ్ సాకును అంత తేలిగ్గా తీసెయ్యలేం. గ్లాక్సో ల్యాబొరేటరీస్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కార్మికుల పనికీ క్రమశిక్షణకీ కంపెనీ పెట్టుకునే నియమాల్లో, "ఆవరణలో లేదా దాని పరిసరాల్లో" చేసిన తప్పు అని ఉంటే, ఎక్కడో దూరాన జరిగినదాన్ని అందులోకి లాగలేరు. అందుకని మెమో టైపు చేసే ముందు మీ కంపెనీ నియమాల కాగితం తీసి చదవండి. "కంపెనీ నిర్వహించే కార్యక్రమాల్లో, కంపెనీ వాహనాల్లో" అనే మాటలు లేకపోతే ఈసారికి లాయర్‌ని అడగండి, వచ్చే కార్తీకానికి ఆ మాటలు చేర్పించండి.

సోమవారం పొద్దున్నే "తీసిపారేశాం" అనే ఉత్సాహం కొందరికి ఉంటుంది. వద్దు. విచారణ లేకుండా తీసేస్తే కోర్టు నుంచి అతను దర్జాగా వెనక్కి రావచ్చు. అవసరమైతే విచారణ ముగిసేదాకా సస్పెండ్ చేయండి. స్టాండింగ్ ఆర్డర్ల నిబంధనల (పాత చట్టం పోయి 2025 నవంబరు నుంచి ఇవి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఉన్నాయి) కిందికి వచ్చే కార్మికుడికైతే మొదటి 90 రోజులు సగం జీతం, జాప్యం అతని వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పావు వంతు ఇవ్వాలి. "ఇద్దరికీ చెరో మెమో" అనే సమతూకం కూడా వద్దు. అడ్డుపడి దెబ్బ తిన్న కుర్రాడిని ఏం జరిగిందో అడగండి, అంతే. ఆమెను వేరే షిఫ్టుకి మార్చి సమస్య తీరిందనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆమె రాతపూర్వకంగా కోరితే అతన్నే మార్చమనో, ఆమెకు 3 నెలల దాకా సెలవు ఇవ్వమనో కమిటీ సిఫారసు చేయొచ్చు.

ఈ వారం అభ్యాసం: చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. రోల్స్‌లో 8 మంది, కాంట్రాక్టర్ కింద 6 మంది. ఆయుధపూజ సాయంత్రం, ఫ్యాక్టరీ లోపలే, ఓనరు బావమరిది ఊడ్చే ఆమె భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు. అతనికి ఆ యూనిట్లో ఉద్యోగం లేదు. మీరు టీ కప్పు పట్టుకుని కట్టర్ పక్కన నిలబడి చూశారు. ఎనిమిది వాక్యాల్లో ఘటన నోట్ రాయండి, "అసభ్యం", "ప్రవర్తన" అనే మాటలు వాడకుండా. ఫిర్యాదు ఏ కమిటీకి వెళ్తుందో, ఎందుకో కింద ఒక్క వాక్యంలో చెప్పండి. వచ్చే పాఠంలో షోకాజ్ నోటీసు రాద్దాం.