సైనిక స్థావరాల్లో నేల, భూగర్భజలాల శుద్ధి – 3వ పాఠం: మూడు బావులతో నీటి దారిని కనిపెట్టడం

కిందటి పాఠంలో స్థావరం పాత పటాలను ముందు పెట్టుకుని, విమానాల మరమ్మతు షెడ్లు, ఇంధన ట్యాంకులు, అగ్నిమాపక శిక్షణ గుంటలు, చెత్త పూడ్చిన చోట్లు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తించాం. ఏది ఎక్కడ నేలలోకి ఇంకిందో అంతవరకు తెలిసింది. అది నీటితో పాటు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో లెక్క కట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం. శుద్ధి పనిలో డబ్బూ కాలమూ వృథా అయ్యే పొరపాట్లు చాలావరకు ఈ రెండు ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పడం వల్లే జరుగుతాయి. తోడే బావిని తప్పు చోట వేస్తే మంచినీరు పైకి వస్తుంది, చెడిన నీరు పక్కనుంచి సాగిపోతుంది.

ఇది ప్రాణాలతో ముడిపడిన లెక్క. అమెరికాలో నార్త్ కరోలినా తీరాన ఉన్న క్యాంప్ లెజూన్ మెరైన్ స్థావరంలో 1953 నుంచి 1987 వరకు సైనికులు, వారి కుటుంబాలు తాగిన నీటిలో పారిశ్రామిక ద్రావకాలు కలిశాయి. అక్కడి హ్యాడ్‌నాట్ పాయింట్ సరఫరాలో 1982లో ట్రైక్లోరోఇథిలీన్, అంటే టీసీఈ, లీటరుకు 1,400 మైక్రోగ్రాముల దాకా కనిపించింది. ఆ తరువాత అమెరికా ప్రభుత్వం తాగునీటికి పెట్టిన పరిమితి 5 మైక్రోగ్రాములు. అదే స్థావరంలోని టరావా టెరస్ నివాసాలకు చేరిన ద్రావకం మాత్రం స్థావరంలో పుట్టినది కాదు. కంచె అవతల ఉన్న ఒక డ్రైక్లీనింగ్ దుకాణం నుంచి నేలలోకి దిగిన పెర్‌క్లోరోఇథిలీన్‌ను సరఫరా బావులే తమ వైపు లాక్కున్నాయి. కంచె మనుషులకే గాని నీటికి అడ్డు కాదన్న సంగతిని, పక్కన ఒక మోటారు నడుస్తుంటే నీటి దారే మారిపోతుందన్న సంగతిని లెక్కకు కూర్చునే ముందే మనసులో పెట్టుకోవాలి.

నీరు ఎక్కువ మట్టం నుంచి తక్కువ మట్టానికి పోతుంది. అయితే మనకు కావలసినది నేల మట్టం కాదు, బావిలోని నీటి మట్టం. నీటిని కొలవడానికి, పరీక్షించడానికి వేసిన సన్నని బోరును పరిశీలక బావి అంటారు. అలాంటి ప్రతి బావికి దింపిన కేసింగ్ పైపు అంచు మీద ఒక గాటు పెట్టి, సముద్రమట్టం నుంచి ఆ గాటు ఎత్తును సర్వేయరు మిల్లీమీటర్లలో తేల్చి ఉంచుతారు. గాటు నుంచి నీటి దాకా ఉన్న లోతును టేపుతో కొలిచి, ఆ లోతును గాటు ఎత్తులోంచి తీసివేస్తే నీటి మట్టం వస్తుంది. టేపు కొసన ఉన్న మొన నీటిని తాకగానే బజర్ మోగుతుంది; అప్పుడు టేపును కొద్దిగా పైకి లాగి, మోత ఆగిపోయాక మళ్ళీ మెల్లగా దించి, మోగిన క్షణాన గాటు దగ్గర ఉన్న అంకెను చదవాలి. ఒకే బావిలో ఇలా తీసిన రెండు కొలతలు అర సెంటీమీటరు లోపు కలవకపోతే మూడోసారి కొలవాలి. కొలతను శుభ్రంగా ఉందనుకున్న బావితో మొదలుపెట్టి బాగా చెడిన బావితో ముగించాలి, ప్రతి బావి తరువాత టేపును కడగాలి. అన్ని బావులనూ ఒకే రోజున, వీలైతే కొన్ని గంటల వ్యవధిలోనే కొలవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1వ బావికి 200 మీటర్లు నేరుగా తూర్పున 2వ బావి, 160 మీటర్లు నేరుగా దక్షిణాన 3వ బావి ఉన్నాయనుకుందాం. మొదటిదాని గాటు ఎత్తు 52.40 మీటర్లు, నీటి దాకా లోతు 6.28, కాబట్టి మట్టం 46.12. రెండోదానికి 51.86 లోంచి 6.34 పోతే 45.52. మూడోదానికి 53.05 లోంచి 7.29 పోతే 45.76. మట్టాల్లో మధ్యది 3వ బావిది. 1వ, 2వ బావులను కలిపే గీత మీద కూడా సరిగ్గా 45.76 మట్టం ఉండే చోటు ఒకటి ఉంటుంది. ఆ గీత పొడవునా మట్టం 0.60 మీటర్లు తగ్గుతోంది, మనకు కావలసిన తగ్గుదల 0.36; అంటే 200 మీటర్లలో ఆరు పదోవంతులు, 1వ బావి నుంచి 120 మీటర్ల దగ్గర. ఆ చోటు నుంచి 3వ బావికి స్కేలుతో గీత గీస్తే అది సమమట్ట రేఖ. దానికి లంబంగా, తక్కువ మట్టం వైపు వేసిన బాణమే నీటి దారి. మన ఉదాహరణలో అది తూర్పు నుంచి దక్షిణానికి సుమారు 37 డిగ్రీలు తిరిగి ఉంటుంది. 1వ బావి నుంచి సమమట్ట రేఖకు లంబ దూరం 96 మీటర్లు. 0.36ను 96తో భాగిస్తే 0.00375 వస్తుంది, ఇదే వాలు.

వేగానికి 1856లో హెన్రీ డార్సీ ప్రకటించిన సూత్రమే ఆధారం. ఇసుక పొర జలవాహకతను, అంటే నీటిని తనగుండా ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకెను, వాలుతో గుణించి, నీరు నిజంగా కదిలే ఖాళీల నిష్పత్తితో భాగించాలి. జలవాహకత రోజుకు 20 మీటర్లు, ఖాళీలు 0.30 అనుకుంటే వేగం రోజుకు 0.25 మీటరు, అంటే ఏడాదికి సుమారు 91 మీటర్లు. ఈ మూడింటిలో బాగా తప్పగలిగేది జలవాహకత. ఒకే స్థావరంలో రెండు బావుల మధ్య అది పది రెట్లు తేడాగా ఉండటం మామూలే కనుక, పుస్తకంలోని అంకెతో సరిపెట్టుకోకుండా బావిలోనే పరీక్ష చేసి తేల్చుకోవాలి.

నీటి వేగమే కాలుష్యం వేగం కాదు. ద్రావకం దారిలో మట్టిరేణువులను, ముఖ్యంగా వాటిలోని సేంద్రియ పదార్థాన్ని, అంటుకుని విడిపోతూ సాగుతుంది కాబట్టి వెనకబడుతుంది. కెనడాలోని బోర్డెన్ సైనిక స్థావరం ఇసుకలో 1982లో పరిశోధకులు కొద్దిపాటి రసాయనాలను తామే దింపి, వందలాది కొలత చోట్లతో వాటి ప్రయాణాన్ని గమనించారు. మట్టికి అంటని క్లోరైడ్ రోజుకు సుమారు 9 సెంటీమీటర్లు నడిచింది. పెర్‌క్లోరోఇథిలీన్ దానికన్నా ఎన్నో రెట్లు మెల్లగా నడిచింది, పైగా కాలం గడిచేకొద్దీ ఇంకా వెనకబడింది. మన ఉదాహరణలో టీసీఈ వెనకబాటు 1.6 రెట్లు, అంటే నీటి వేగం దాని వేగానికి 1.6 రెట్లు, అనుకుంటే అది ఏడాదికి 57 మీటర్లు పోతుంది. 1,140 మీటర్ల దూరంలోని తాగునీటి బావిని చేరడానికి దానికి 20 ఏళ్ళు పడుతుంది. అది ఒలికి అప్పటికే 30 ఏళ్ళయిందని పాత రికార్డులు చెబుతుంటే, మిగిలిన లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఆ బావి నీటిని పరీక్షించాలి. వెనకబాటు శుద్ధినీ సాగదీస్తుంది: మట్టికి అంటినది మెల్లమెల్లగా వదులుతూ ఉంటుంది కనుక, చెడిన నీటినంతా ఒక్కసారి తోడేసినంత మాత్రాన పని పూర్తికాదు.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో కూడా తెలుసుకోవాలి. ఒక బావి స్లాటెడ్ పైపు, అంటే నీరు లోపలికి రావడానికి చీలికలు కోసిన పైపు భాగం, పై పొరలోనూ, మరొక బావిది బంకమట్టి కింది పొరలోనూ ఉంటే ఆ రెండు మట్టాలనూ ఒకే లెక్కలో కలపకూడదు. నీటిలో కరగకుండా మిగిలిన టీసీఈ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అది నీటి వాలును పట్టించుకోకుండా అడుగున ఉన్న బంకమట్టి వాలు వెంబడి జారి, నీటి దారికి ఎదురుగా కూడా పోగలదు. మూడు బావులు మూడు బిందువుల మధ్య సమతలాన్ని ఊహించుకునే వీలు మాత్రమే ఇస్తాయి. నాలుగో బావి వేసి, అందులో మట్టం ఊహించినట్టే ఉందో లేదో చూడటం కన్నా మంచి ఖర్చు ఈ దశలో నాకు కనిపించదు.

విమాన ఇంధనం సంగతి వేరు. అది నీటి మీద తేలుతూ, బావిలోని నీటిని తన బరువుతో కిందికి నొక్కుతుంది. అలాంటి బావిలో ఇంధనం పైభాగాన్నీ, నీటి పైభాగాన్నీ విడివిడిగా చూపే టేపు వాడి, ఇంధనం మందాన్ని దాని సాంద్రతతో (నీటి సాంద్రతను 1గా తీసుకుని) గుణించి, వచ్చిన అంకెను నీటి మట్టానికి కలపాలి. ఇంధనం అర మీటరు మందాన ఉండి సాంద్రత 0.80 అయితే కలపవలసినది 0.40 మీటరు. పైన మన వాలు మొత్తాన్నీ తేల్చినది 0.36 మీటరు తేడాయే కనుక, దీన్ని మరిచిపోతే పటమే తారుమారవుతుంది.

అభ్యాసం: అవే మూడు బావుల్లో ఆరు నెలల తరువాత నీటి మట్టాలు వరుసగా 45.80, 45.50, 45.20 అని తేలాయి. 3వ బావిలో మాత్రం నీటి మీద 0.80 సాంద్రత గల ఇంధనం 0.50 మీటరు మందాన ఉంది. గళ్ళ కాగితం మీద రెండు పటాలు గీయండి, ఒకటి ఇంధనాన్ని లెక్కలోకి తీసుకుని, ఇంకొకటి తీసుకోకుండా. రెండు బాణాల మధ్య కోణాన్ని కోణమానినితో కొలవండి; 28 డిగ్రీలకు దగ్గరగా రావాలి. వచ్చే పాఠంలో సరైన బాణం మీద తోడే బావిని ఎక్కడ వేయాలో, రోజుకు ఎన్ని ఘనమీటర్లు తోడాలో లెక్క కడతాం. ఆ పటాన్ని దాచి ఉంచండి.