మళ్లీ వాడే నెలసరి సాధనాలు – 4వ పాఠం: రైల్లో, బస్సులో, ఊరుగాని ఊళ్లో

మొదటి మూడు పాఠాల్లో కప్ (నెలసరి రక్తాన్ని ఒంటి లోపలే పట్టి ఉంచే మెత్తని చిన్న గిన్నె) ఎంచుకోవడం, మడిచి పెట్టుకోవడం, గుడ్డ ప్యాడ్‌లు ఉతికి ఆరేయడం నేర్చుకున్నాం. అవన్నీ ఇంట్లో చేసిన పనులు. అక్కడ తలుపుకి గడియ పడుతుంది, కుళాయిలో నీళ్లొస్తాయి, ఎండ తగిలే దండెం ఉంటుంది. బయటికెళ్తే ఈ మూడిట్లో ఏదో ఒకటి దొరకదు. దొరకనిదేదో బయల్దేరకముందే కనిపెట్టి దానికి ఏర్పాటు చేసుకోవడం ఈసారి పాఠం.

ముందు ఒక షరతు. కప్‌ని మొదటిసారి ప్రయాణంలో పెట్టుకోవద్దు. 2019లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' పత్రికలో 43 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష వచ్చింది. కప్ సురక్షితమేననీ, కారడం ప్యాడ్‌లతో సమానంగానో అంతకన్నా తక్కువగానో ఉందనీ అందులో తేలింది. కప్ అలవాటు కావడానికి కొన్ని నెలసరులు పడుతుందని చెప్పింది కూడా ఆ సమీక్షే. కనీసం రెండు నెలలు ఇంట్లో వాడండి. ఒక రాత్రంతా చుక్క కారకుండా గడిచాక దాన్ని నమ్మి రైలెక్కండి. అప్పటిదాకా ప్రయాణాలకు గుడ్డ ప్యాడ్‌లు చాలు.

మీ కప్ ఎన్ని గంటలకు నిండుతుంది?

చాలా కప్‌ల పెట్టె మీద 12 గంటల దాకా ఉంచవచ్చని రాసి ఉంటుంది. కొన్నింటి మీద 8 అని ఉంటుంది. మీ పెట్టె మీద ఏముందో అదే పాటించండి. ఈ గడువు శుభ్రత కోసం పెట్టింది. కప్ నిండడం దీనితో సంబంధం లేని వేరే లెక్క, ప్రయాణంలో బట్టలు పాడయ్యేది ఎక్కువగా ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే.

లెక్క సులువే. చాలా కప్‌ల లోపల మిల్లీలీటర్ల గీతలుంటాయి. బాగా ఎక్కువ అయ్యే రోజున, అంటే చాలామందికి రెండో రోజున, పెట్టుకున్న నాలుగు గంటలకు తీసి ఎంతవరకు నిండిందో చూడండి. 15 మిల్లీలీటర్లు కనిపించిందనుకుందాం. మీది 25 మిల్లీలీటర్ల కప్ అయితే సుమారు ఆరు గంటల నలభై నిమిషాలకు అంచుదాకా వస్తుంది. అంచుదాకా ఆగకూడదు కాబట్టి ఐదు గంటలకోసారి అని రాసుకోండి. నాలుగో రోజున అదే కప్ రాత్రంతా సరిపోవచ్చు. రెండు అంకెలూ ఫోన్‌లో రాసి ఉంచుకోండి. గంటా రెండు గంటలకే కప్ నిండుతుంటే మాత్రం అది ప్రయాణం ఏర్పాట్లతో తీరేది కాదు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఇప్పుడు ఆ అంకెను టికెట్ పక్కన పెట్టి చూడండి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయం బయల్దేరి మర్నాడు ఉదయం ఢిల్లీ చేరుతుంది. రెండో రోజున ప్రయాణమైతే ఇంట్లోంచి బయటపడేముందు ఒకసారి, ఆ తర్వాత ఐదు గంటలకోసారి, అంటే రైల్లో నాలుగైదుసార్లు కప్ మార్చాలి. నాలుగో రోజైతే, పెట్టె మీద 12 గంటలని ఉంటే, సాయంత్రంలోపు ఒకసారి, పడుకునేముందు ఒకసారి చాలు. రాత్రి బస్సు పది పన్నెండు గంటలు నడుస్తుంది, అందులో టాయిలెట్ ఉండదు. కాబట్టి మధ్యాహ్నం పెట్టుకున్న కప్‌తో బస్సెక్కకుండా, బస్టాండ్‌కి బయల్దేరే ముందు ఖాళీ చేసి మళ్లీ పెట్టుకోండి. ఎక్కువ అయ్యే రోజైతే భోజనానికి ఆపిన చోట దిగి ఇంకోసారి చూసుకోవాల్సిందే. నిద్ర వస్తోందని ఆ ఆగుడు వదిలేస్తే తెల్లారేసరికి సీటు మీద మరక పడుతుంది.

సంచిలో

కప్‌ని ఇంట్లోనే ఐదు నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరనిచ్చి, దాని నూలు సంచిలో పెట్టండి. గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో పెడితే మిగిలిన తడి అందులోనే ఉండిపోయి వాసన వస్తుంది. ఒక నెలసరి మొత్తానికి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మరిగిస్తే చాలు. మధ్యలో మంచినీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది. అందువల్ల మామూలు ప్రయాణంలో మరిగించాల్సిన పనే పడదు. రైల్లో ఛార్జింగ్ పాయింట్‌కి కెటిల్ పెట్టడం నిషేధం. హోటల్ కెటిల్‌లో కప్ వేయడమూ తప్పే. మీ తర్వాత ఇంకెవరో అందులో టీ కాచుకుంటారు. పైగా అది నీళ్లు మరగ్గానే ఆగిపోతుంది, ఐదు నిమిషాలు మరగదు. ప్రయాణం రెండు నెలసరుల మీదుగా సాగేటట్టుంటే ఒక చిన్న స్టీలు గిన్నె దీనికోసమే పెట్టుకుని, వంటగది దొరికిన చోట వాడుకోండి. లేహ్ లాంటి ఎత్తైన చోట్ల, అంటే 3,500 మీటర్ల దగ్గర, నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ ఇంకొన్ని నిమిషాలు ఎక్కువ ఉంచండి.

కప్‌తో పాటు ఇవి కావాలి: మూత దగ్గర సన్నగా ధార వచ్చే అరలీటరు నీళ్ల సీసా, పేపర్ సోప్, వాసన లేని టిష్యూలు, రెండు జిప్ కవర్లు, రెండు మూడు గుడ్డ ప్యాడ్‌లు, మెడలో వేసుకునే చిన్న సంచి. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. రైలు టాయిలెట్‌లో కొక్కెం ఉంటుందన్న నమ్మకం లేదు, నేల ఎప్పుడూ తడే. వస్తువులు పెట్టుకోవడానికి మీ మెడే గతి. వీలైతే రెండో కప్ కూడా కొనుక్కోండి. దానితో టాయిలెట్‌లో పని సగం తగ్గుతుంది, ఎలాగో కింద చెప్తాం.

కదిలే రైల్లో కప్ మార్చడం

రెండు చేతులకూ రెండు వేరు పనులు అప్పగించండి. కుడిచేతి వాటం వాళ్లకి కుడి చెయ్యి కప్‌ది, ఎడమ చెయ్యి గడియ, పట్టుకునే కడ్డీ, సీసా పట్టుకునేది. కుడి చెయ్యి కప్ తప్ప ఇంకేదీ తాకకూడదు. గడియ తీసిన వేళ్లు లోపలికి వెళ్లకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

స్టేషన్ దగ్గర పడుతున్నప్పుడు రైలు పట్టాలు మారుతుంది, పక్కకి కుదుపు ఎక్కువగా ఉంటుంది. స్టేషన్ దాటి బండి వేగం అందుకున్నాక లోపలికి వెళ్లండి. వెళ్లేముందు బయటి వాష్‌బేసిన్ దగ్గర పేపర్ సోప్‌తో చేతులు రుద్ది కడగండి. శానిటైజర్ వాడాల్సి వస్తే చేతులు పూర్తిగా ఆరాకే కప్ ముట్టుకోండి. తడి ఆరకముందు ముట్టుకుంటే ఆ ఆల్కహాల్ లోపల మంట పుట్టిస్తుంది. కప్‌ని శానిటైజర్‌తో, డెట్టాల్‌తో తుడవడం అసలే వద్దు.

ఇండియన్ టాయిలెట్ ఈ పనికి మేలు. గొంతుక్కూర్చుంటే కప్ దానంతటదే కిందికి దిగుతుంది, బట్టలు ఎక్కడా తగలవు. పంజాబీ డ్రెస్ అయితే టాప్ అంచుని ముందే పైకి మడిచి దోపుకోండి. కూర్చుని రెండుసార్లు మెల్లగా ముక్కండి. కప్ అడుగున ఉండే కాడ చేతికి తగిలాక దాన్ని పట్టి లాగకండి. కాడ వెంట పైకి వెళ్లి కప్ అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకోండి. గాలి లోపలికి పోయి పట్టు వదులుతుంది. నొక్కకుండా లాగితే నొప్పి పుడుతుంది, ఒక్కసారిగా ఊడి వచ్చి చేతిలోంచి జారిపోతుంది. నొక్కిన పట్టు వదలకుండా అంచు ఒకవైపు ముందు బయటికి తెచ్చి, తర్వాత రెండోవైపు తెచ్చి, నిటారుగా ఉంచి, అప్పుడు వంచండి.

కడగడానికి రైలు కుళాయి నీళ్లు పనికిరావు, అవి తాగే నీళ్లు కావు. పైగా చాలా కోచ్‌లలో కుళాయి నొక్కిపట్టి ఉంచితేనే నీళ్లొస్తాయి, ఒక చెయ్యి దానికే పోతుంది. మీ సీసాలోంచి సుమారు 50 మిల్లీలీటర్లు పోసి తిప్పి పారబోయండి. ఇంకో 50తో మళ్లీ కడగండి. ఇంకో 100 కుడిచేతికి. ఒక మార్పుకి 200 మిల్లీలీటర్లు, అంటే అరలీటరు సీసా రెండు మార్పులకు వస్తుంది. నీళ్లు అసలు లేకపోతే శుభ్రమైన టిష్యూతో లోపలా బయటా తుడిచి పెట్టుకోండి, తర్వాతి మార్పులో బాగా కడగండి. రెండో కప్ ఉన్నవాళ్లకు ఈ తంటా లేదు. వాడినదాన్ని ఖాళీ చేసి జిప్ కవర్లో వేసి, చెయ్యి కడుక్కుని, శుభ్రంగా ఉన్నదాన్ని పెట్టుకుంటే అయిపోతుంది. మొదటిదాన్ని గదికి వెళ్లాక కడుక్కోవచ్చు.

కడిగేటప్పుడు అంచు కింది చిన్న రంధ్రాలు చూడండి. అవి మూసుకుపోతే కప్ లోపల సరిగా విచ్చుకోదు, విచ్చుకోకపోతే పట్టు దొరకదు, పక్కనుంచి కారుతుంది. కప్ నిండా నీళ్లు పోసి మూతి మీద అరచెయ్యి ఆనించి, తలకిందులు చేసి నొక్కితే రంధ్రాల్లోంచి నీళ్లు సన్నగా చిమ్ముతాయి, మురికి పోతుంది. ఇది రైల్లో కష్టం. గదికి చేరాక రోజుకోసారి తప్పక చేయండి.

మళ్లీ పెట్టుకోవడానికి రెండో పాఠంలో నేర్చుకున్న మడతల్లో ఒకటే ఇక్కడ పనికొస్తుంది. చూపుడువేలితో అంచుని లోపలికి నొక్కే మడత ఒక చేత్తోనే పడుతుంది. 'సి' ఆకారపు మడతకి రెండు చేతులు కావాలి, అప్పుడు కడ్డీ పట్టుకునే చెయ్యి ఉండదు. పెట్టాక వేలితో అడుగుభాగం చుట్టూ తడిమి చూడండి. గుండ్రంగా ఉంటే విచ్చుకున్నట్టే. నొక్కు తగిలితే మెల్లగా తిప్పండి.

కప్ నేల మీద పడితే అక్కడే కడిగి పెట్టుకోవద్దు. విడిగా జిప్ కవర్లో వేసి గుడ్డ ప్యాడ్ పెట్టుకోండి, మరిగించాకే మళ్లీ వాడండి. టాయిలెట్ లోపలికి పడితే వదిలేసుకోండి. ప్యాడ్, గుడ్డ, టిష్యూ ఏదైనా బయో టాయిలెట్‌లో వేయకండి, గొట్టానికి అడ్డుపడుతుంది. చెత్తబుట్టలోకే పోవాలి.

ఒక్కోసారి రాత్రంతా పడుకుని లేచాక కప్ పైకి వెళ్లి చేతికి అందదు. కంగారు పడితే కండరాలు బిగుసుకుని ఇంకా పైకి పోతుంది. గర్భాశయ ముఖద్వారం దాటి అది ఎక్కడికీ వెళ్లే వీల్లేదు. బయటికొచ్చి కోచ్‌లో ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, మళ్లీ వెళ్లి గొంతుక్కూర్చుని ముక్కండి.

గుడ్డ ప్యాడ్‌లు: ఉతకడం కాదు, ఆరడమే కష్టం

ఊరు వెళ్లేటప్పుడు ప్యాడ్ ఎంత పీలుస్తుందన్నదానికన్నా ఎంత త్వరగా ఆరుతుందన్నది ముఖ్యం. పొరలన్నీ కలిపి కుట్టేసిన మందపు ప్యాడ్, అడుగున నీళ్లు దిగని పూత గుడ్డ ఉన్నది, వానాకాలంలో విశాఖ గాలికి రెండు రోజులైనా లోపల చెమ్మగానే ఉంటుంది. పీరియడ్ ప్యాంటీలదీ ఇదే ఇబ్బంది. మడతలు విప్పితే ఒకే పొర అయ్యే నూలు గుడ్డ మంచి ఎండలో కొద్ది గంటల్లో ఆరిపోతుంది. ప్రయాణానికి ఈ విప్పే రకమే మంచిదని మా అభిప్రాయం. కుట్టిన ప్యాడ్ ఒక్కటి రాత్రికి, మిగిలినవన్నీ విప్పే రకం పెట్టుకోండి.

దారిలో వాడిన ప్యాడ్‌ని తడపకండి. మరక లోపలికి వచ్చేలా మడిచి, బటన్ పెట్టి, జిప్ కవర్లో వేయండి. తడిపి కవర్లో మూస్తే కొన్ని గంటలకే వాసన మొదలవుతుంది. పొడిగా ఉన్నది ఒక రోజు ఆగుతుంది, అంతకు మించి ఉంచకండి. గదికి చేరగానే చన్నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు తేరుకునేదాకా మార్చండి. తర్వాతే సబ్బు. వేడినీళ్లు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి నూలుకి పట్టేస్తాయి, మరక ఇక వదలదు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ కూడా వద్దు. అది నూలు మీద పొరలా ఉండిపోతుంది, ప్యాడ్ పీల్చదు.

పిండాక ఇంకో పని ఉంది. పొడి తువ్వాలు పరిచి, దాని మీద ప్యాడ్‌లు పెట్టి, చాపలా చుట్టి, మోకాలితో గట్టిగా అదమండి. చేత్తో పిండితే పోని నీరంతా తువ్వాలు తాగేస్తుంది. తర్వాత ఫ్యాన్ కింద, కిటికీకి ఎదురుగా క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. వీలైతే ఎండ తగలాలి. చుట్టాలింట్లో దిగినప్పుడు ఎవరైనా చూస్తారని మంచం కిందా, చీర మడతల చాటునా ఆరేయడం మన దగ్గర బాగా ఉంది. గాలి తగలని గుడ్డ మెల్లగా బూజు పడుతుంది, దానివల్ల దురద, ఒరుపు వస్తాయి. ఆ ఇంటి ఆడవాళ్లకి ఒక మాట చెప్పి, "అత్తయ్యా, ఇవి ఎండలో వేయాలి, ఎక్కడ వేయను?" అని అడిగేయండి. వాళ్లకి తెలియని విషయమేమీ కాదు. ఆరిందనిపించిన నూలు గుడ్డని ఇస్త్రీ చేస్తే లోపలి చెమ్మ కూడా పోతుంది. పూత గుడ్డ ఉన్నదానికి ఇస్త్రీ తగలకూడదు, పూత కరిగిపోతుంది.

విమానం

విమానం టాయిలెట్ ఇరుకే కానీ కమోడ్ పక్కనే వాష్‌బేసిన్ ఉంటుంది, కాబట్టి రైలుకన్నా సులువు. అక్కడి కుళాయి నీళ్లకి బదులు సిబ్బందిని ఒక గ్లాసు మంచినీళ్లు అడిగి తీసుకెళ్లండి. గాలి ఒత్తిడి వల్ల కప్‌కి ఏమీ కాదు. అమెరికా వెళ్లే పిల్లలు గుర్తుంచుకోవాల్సినవి రెండు. అక్కడి టాయిలెట్లలో నీళ్ల గొట్టం ఉండదు, వాష్‌బేసిన్ తలుపు బయట ఉంటుంది. ఖాళీ సీసా తీసుకెళ్లి సెక్యూరిటీ దాటాక నింపుకోండి. రెండోది, దేశం మారితే గడియారం మారుతుంది, కప్ పెట్టుకుని ఎన్ని గంటలైందో లెక్క తప్పుతుంది. పెట్టుకున్న వెంటనే ఫోన్‌లో టైమర్ పెట్టండి, అలారం కాదు.

వెంటనే డాక్టరు దగ్గరికి

39 డిగ్రీలు దాటిన జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దు, కళ్లు తిరగడం ఒక్కసారిగా మొదలైతే కప్ తీసేసి ఆసుపత్రికి వెళ్లండి, కప్ వాడుతున్నట్టు చెప్పండి. ఇవి టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బాక్టీరియా విషం రక్తంలోకి పాకే జబ్బు) లక్షణాలు కావచ్చు. అది చాలా అరుదు, కానీ తొందరగా ముదురుతుంది. దిగాల్సిన ఊరు వచ్చేదాకా ఆగకండి. కాపర్-టి వేయించుకున్నవాళ్లు కప్ మొదలుపెట్టేముందే డాక్టరుని అడగాలి. పట్టు వదిలించకుండా కప్ లాగితే కాపర్-టి కూడా కదిలి రావచ్చు.

అభ్యాసం

వచ్చే నెలసరిలో ఒక పూట స్నానాలగదిలో కుళాయి తిప్పకుండా, అరలీటరు సీసాతో, ఎడమచెయ్యి గోడకి ఆనించి ఉంచి కప్ మార్చండి. ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో చూసుకోండి, మొదటిసారి సీసా మొత్తం అయిపోతుంది. 200 మిల్లీలీటర్లకు దిగేదాకా రోజుకోసారి చేయండి. మీ ప్యాడ్‌లలో ఒక్కో రకాన్ని తువ్వాలులో అదిమి ఫ్యాన్ కింద వేసి, ఏది ఎన్ని గంటలకు ఆరిందో రాసి పెట్టుకోండి. ఊరెళ్లేటప్పుడు ఏవి సర్దుకోవాలో ఆ కాగితం చూసి తేల్చుకోవచ్చు.

5వ పాఠం: కప్, గుడ్డ ప్యాడ్ ఎప్పుడు పారేయాలి? పగుళ్లు, జిగురు, పోని వాసన పరీక్షించడం.